రెండు డిగ్రీలకు వెనక్కి పోయిన బండి

"ఇది మీ ఊళ్లో కట్టుకునే ఇల్లు కాదు."

డౌన్‌టౌన్ దుబాయ్‌కి దగ్గర్లో ఒక టవర్‌కి రాఫ్ట్ (టవర్ అంతటినీ మోసే మందపాటి పునాది పలక) పోస్తున్న రాత్రి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫోర్‌మ్యాన్ ఒకాయనను మెటీరియల్స్ ఇన్‌స్పెక్టర్ హిందీలో అన్న మాట ఇది. మిక్సర్‌లో మాల్, అంటే కలిపిన కాంక్రీటు, బిగుస్తున్నట్టు కనబడితే "జెర నీళ్లు కొట్టు" అని ఫోర్‌మ్యాన్ డ్రైవర్‌కు సైగ చేశాడు. ఇన్‌స్పెక్టర్ పైపు పక్కకు లాగేసి మాల్‌లో థర్మామీటర్ గుచ్చాడు. 34 డిగ్రీలు చూపించింది. హద్దు 32. టికెట్ మీద అడ్డంగా గీత కొట్టి, 8 క్యూబిక్ మీటర్ల బండిని నిండుగా ఉండగానే వెనక్కి తిప్పాడు.

బండి పోయింది గానీ మాట పోలేదు. సైట్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ గుచ్చుకుంది. ఆ మాటలో సగం నిజం ఉంది, సగం అన్యాయం ఉంది. ముందు నిజం చెప్పుకుందాం.

కాంక్రీటు ఆరిపోయి గట్టిపడదు. సిమెంటు, నీళ్లు కలిసి జరిగే చర్యతో గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. మన ఇంటి స్లాబ్ మందం 5 అంగుళాలు. పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. బుర్జ్ ఖలీఫా రాఫ్ట్ మందం 3.7 మీటర్లు. మన ఇంట్లో నేల నుంచి స్లాబ్ దాకా ఉండే ఎత్తు కూడా అంత ఉండదు. అంత మందంలో నడిమధ్య పుట్టిన వేడికి బయటికి దారి ఉండదు. క్యూబిక్ మీటరుకు 450 కిలోల దాకా సిమెంటు, స్లాగ్ (ఇనుప కొలిమిలో మిగిలిన మడ్డి పొడి) పడే మిక్స్ లోపల 35 నుంచి 40 డిగ్రీలు వేడెక్కడం మామూలే. 32తో మొదలుపెడితే 70 దగ్గర తచ్చాడుతుంది. 34తో మొదలుపెడితే దాటుతుంది.

70 దాటితే ఏమవుతుంది? మొదటి గంటల్లోనే ఏర్పడాల్సిన ఎట్రింగైట్ అనే స్ఫటికాలు ఆ వేడికి నిలవవు. ఏళ్లు గడిచి తేమ తగిలాక మెల్లగా ఏర్పడతాయి. అప్పటికి కాంక్రీటు రాయిలా అయిపోయి ఉంటుంది, లోపల ఉబ్బడానికి చోటు ఉండదు కాబట్టి అది చీలుతుంది. పోసిన రోజు ఈ తప్పు కంటికి కనబడదు. 28 రోజులకు బలం చూసే క్యూబ్ పరీక్షలో కూడా కనబడదు, ఎందుకంటే 150 మిల్లీమీటర్ల క్యూబు చల్లని నీళ్ల తొట్టిలో పెరుగుతుంది, రాఫ్ట్ కడుపులో కాదు. అందుకే పోయకముందే దీన్ని ఆపగలిగే చోటు గేటు దగ్గర థర్మామీటర్. ఇంకో హద్దు కూడా ఉంది: నడిమికి, పైపొరకు మధ్య తేడా 20 డిగ్రీలు మించకూడదు. మించితే లోపలిది వ్యాకోచించి, పైది బిగుసుకుని పగుళ్లు వస్తాయి. దానికోసం పోసిన రాఫ్ట్‌ను చల్లార్చరు, థర్మోకోల్, పాలిథిన్ కప్పి వెచ్చగా ఉంచుతారు. మనవాళ్లకు మొదట వింతగా అనిపించేది ఇదే. మాల్ వచ్చేటప్పుడు మంచు కలపాలి, పోశాక దుప్పటి కప్పాలి.

మంచు కలపడం కూడా లెక్క ప్రకారమే. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడితో, అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేయొచ్చు. కాబట్టి చల్లని నీళ్లకంటే ఐసు ముక్కలు ఎన్నో రెట్లు పనిచేస్తాయి. కలపాల్సిన నీళ్లలో కొంత తీసేసి, అంతే బరువు ఐసు వేస్తారు. కంకరను నీడలో ఉంచి తడుపుతారు. పోత రాత్రికి పెడతారు. బుర్జ్ ఖలీఫాకు వేసవిలో ఇలాగే చేశారు. దాని రాఫ్ట్‌కు పట్టింది 12,500 క్యూబిక్ మీటర్లు, 8 క్యూబిక్ మీటర్ల బండ్లయితే 1,500కు పైన. ఒకేసారి కాకుండా మూడు రెక్కలు, నడి భాగం వేరువేరుగా నాలుగు పోతలుగా పోశారు.

ఇక నీళ్ల సంగతి. ఫోర్‌మ్యాన్ చెయ్యబోయింది మన దగ్గర ప్రతి స్లాబ్ రోజూ జరిగేదే. మాల్ గట్టిగా ఉంటే గుంజడం కష్టం, నీళ్లు పోస్తే సాఫీగా పోతుంది, మేస్త్రీ సంతోషిస్తాడు. కానీ క్యూబిక్ మీటరుకు 10 లీటర్లు ఎక్కువ పడితే బలం సుమారు 3 నుంచి 4 మెగాపాస్కల్ పడిపోతుంది. 8 క్యూబిక్ మీటర్ల బండికి అది 80 లీటర్లు, పైపు విప్పితే రెండు నిమిషాల పని. ఇక్కడ బిగిసిన మాల్‌ను వదులు చెయ్యాలంటే నీళ్లు కాదు, అడ్‌మిక్చర్ అనే రసాయనం వేస్తారు. అదీ ప్లాంటు తరఫు టెక్నీషియన్ కొలిచి వేసి, డ్రమ్ము గిర్రున తిప్పించి, మళ్లీ పరీక్ష చేశాకే. ఆ పరీక్షలో మాల్ నింపిన స్లంప్ కోన్ అనే రేకు గరాటు ఎత్తగానే మాల్ పలక మీద గుండ్రంగా పరుచుకోవాలి. అంచుల దగ్గర నీళ్లు వేరుపడి, కంకర నడిమధ్య కుప్పగా మిగిలితే ఆ బండి పనికిరాదు.

ఎత్తుకు పంపేటప్పుడు ఈ అదనపు నీళ్లు ఇంకో రకంగా దెబ్బకొడతాయి. బుర్జ్ ఖలీఫాలో కాంక్రీటును 606 మీటర్ల ఎత్తుకు పంపు చేశారు. 150 మిల్లీమీటర్ల పైపు 600 మీటర్లు నిలువుగా నిండితే అందులో పది క్యూబిక్ మీటర్ల పైచిలుకు మాల్, అంటే 25 టన్నులు వేలాడుతూ ఉంటుంది. ఒక్క ఆ బరువుకే అడుగున 140 బార్ ఒత్తిడి. లారీ టైరులో ఉండేది 8 బార్. నీళ్లు ఎక్కువైన మాల్‌లో సిమెంటు పాలు ముందుకు జారి, కంకర వెనకపడి వంపు దగ్గర చిక్కుకుంటుంది. పైపు జామ్ అవుతుంది. అందుకే మొదట ఉత్త సిమెంటు స్లర్రీ పంపి పైపు లోపలంతా పూత పట్టిస్తారు. ఆ స్లర్రీని మాత్రం పోతలో కలవనివ్వరు, పైన వేరే తొట్టిలో పట్టి పారబోస్తారు. జామ్ అయితే ముందు పంపును వెనక్కి తిప్పి చూడాలి. వీలుకాకపోతే పైపు మీద సుత్తితో తడుతూ పోవాలి, మోత మారి మొద్దుగా వినిపించిన చోట అడ్డు ఉంటుంది. ఒత్తిడి పూర్తిగా దించకుండా క్లాంపు విప్పితే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణమే పోతుంది. ఎంత తొందరున్నా, ఎవరు అరుస్తున్నా, గేజి సున్నా చూపేదాకా క్లాంపు ముట్టుకోకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గించడానికే బుర్జ్ ఖలీఫాకు నాలుగు రకాల మిక్స్‌లు తయారుచేసుకున్నారు.

కాబట్టి ఇన్‌స్పెక్టర్ చేసిన పని సరైనదే. అన్న మాట సరైనది కాదు.

ఎందుకంటే మన ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లకు కాంక్రీటు తెలియదనడం అబద్ధం. స్లాబ్ పడ్డ మర్నాడు మళ్లు కట్టి నీళ్లు నిలిపి, రెండు వారాలు ఆ మళ్లు ఎండకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాసే అలవాటు మనది. బడికి పోయేముందు పిల్లలు కూడా ఒక బకెట్ పోసి పోతారు. కాంక్రీటుకు నీటి క్యూరింగ్‌ను మించిన క్యూరింగ్ లేదు. ఇక్కడ 50వ అంతస్తులో మళ్లు కట్టి నీళ్లు నిలపడం కుదరదు, మూడునాలుగు రోజులకు ఒక అంతస్తు లేవాలి కాబట్టి. క్యూరింగ్ కాంపౌండ్ కొట్టి, కోర్ గోడలకు (లిఫ్టులు, మెట్ల చుట్టూ టవర్ నడిమధ్య ఉండే గోడలు) పాలిథిన్ చుట్టి ముందుకు పోతారు. అది తప్పని కాదు, అక్కడి అవసరం అది. కానీ కలిపేటప్పుడు మనం చేసే తప్పు ఎంత నిజమో, పోశాక మనం పడే శ్రద్ధ కూడా అంతే నిజం. ఆ రెండోదాన్ని ఇక్కడెవరూ అడగరు, మనమూ చెప్పుకోం.

ఇంకో విషయం మనసును వదలదు. కాంక్రీటుకు 32 డిగ్రీల హద్దు ఉంది, బండి దాటితే వెనక్కి పోతుంది. మనిషికి ఉన్న హద్దు వేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని బంద్. యూఏఈలో 2005 నుంచి ఉన్న నియమం ఇది, ఉల్లంఘిస్తే కంపెనీకి ఒక్కో కార్మికుడి లెక్కన 5,000 దిర్హాములు, మొత్తం 50,000 దాకా జరిమానా. మంచి నియమం, దీనివల్ల బతికినవాళ్లు ఉన్నారు. అయితే మధ్యలో ఆపడానికి వీల్లేని కాంక్రీటు పోతకు ఇందులో మినహాయింపు ఉంది. అప్పుడు చల్లని నీళ్లు, ఉప్పు, నిమ్మ, నీడ, ప్రథమ చికిత్స ఏర్పాటు కంపెనీ చూడాలి. పోత ఆగితే కోల్డ్ జాయింట్ (పాత మాల్, కొత్త మాల్ అతుక్కోని అతుకు) పడుతుందనేది కాదనలేని సాంకేతిక కారణం. ఆ కారణం తెలిసినవాళ్లమే అడుగుతున్నాం: పోతకు పంపు స్టాండ్‌బై ఉంటుంది, జనరేటర్ స్టాండ్‌బై ఉంటుంది, వైబ్రేటర్లు కూడా రెండు ఎక్కువ ఉంటాయి. గ్యాంగ్ కూడా స్టాండ్‌బై ఎందుకు ఉండకూడదు? వైబ్రేటర్ పట్టిన మనిషిని అరగంటకోసారి మార్చడానికి ఆరుగురు అదనంగా ఉంటే చాలు. సెప్టెంబర్ 15 దాటాక కూడా రాత్రిపూట తేమకు చెమట ఆరదు. తల తిరుగుతున్నా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా "ఇంకో బండే కదా" అని నిలబడొద్దు. చెమట ఆగడం వడదెబ్బకు గుర్తు కావొచ్చు, కష్టపడి పనిచేసేవాళ్లకు చెమట పడుతుండగానే కూడా వడదెబ్బ తగలొచ్చు.

ఇప్పుడు మళ్లీ కొత్త టవర్ల మాట గట్టిగా వినిపిస్తోంది. 1979లో 149 మీటర్ల వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఈ నగరానికే గర్వం, పాత 100 దిర్హాముల నోటు మీద ఉన్నది అదే. దానికి దగ్గర్లోనే షేక్ జాయెద్ రోడ్డు మీద ఇప్పుడు 725 మీటర్ల బుర్జ్ అజీజీ కడుతున్నారు. జెద్దాలో 2018లో ఆగిన కిలోమీటరు టవర్ పని 2025 జనవరిలో మళ్లీ మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో ఈ వార్త అంటే వీసా అని అర్థం. సంతోషమే. కానీ ఆగిన టవర్లనూ గుర్తుపెట్టుకోవాలి. దుబాయ్‌లోనే కిలోమీటరు దాటాల్సిన నఖీల్ టవర్ 2009లో ఆగింది. 2016లో మొదలైన క్రీక్ టవర్ 2020లో ఆగింది. ఎత్తు పెరిగేకొద్దీ వాడుకునే అంతస్తు వైశాల్యం తగ్గుతుంది, లిఫ్టులు, కోర్ తినే చోటు పెరుగుతుంది, అద్దె మాత్రం అన్నేళ్లు ఆగాకే వస్తుంది. అప్పు ప్రియమైన రోజు మొదట ఆగేది అందరికంటే ఎత్తైనదే.

అందుకని వచ్చేవాళ్లు ఆఫర్ లెటర్‌లో టవర్ పేరు చూసి మురిసిపోకుండా బేసిక్ ఎంతో చూడండి. పని వదిలేటప్పుడు వచ్చే సర్వీసు డబ్బు లెక్క బేసిక్ మీదే: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల జీతం. బేసిక్ తక్కువ చేసి అలవెన్సులు పెంచి చూపిస్తే, పని ఆగిన రోజు చేతికి వచ్చేది తక్కువ. హెల్పర్‌గా వచ్చినా పంపు లైను, జంప్ ఫారం (అంతస్తుకు అంతస్తు పైకి జరిపే సెంట్రింగ్), పోస్ట్ టెన్షనింగ్ (కాంక్రీటులో ఉక్కు తీగలు లాగి బిగించడం) వీటిలో ఒకటి పట్టుకోండి. ఆ పని వచ్చినవాడికి కోకాపేటలోనూ ఇప్పుడు పని ఉంది. 2006లో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలాన్ని బట్టి ఎంత వైశాల్యం కట్టొచ్చనే హద్దు) తీసేశాక 50 అంతస్తులు దాటిన ఇళ్లు అక్కడ లేస్తున్నాయి. వాటికీ రాఫ్ట్‌లు ఉంటాయి, మే నెల ఎండా ఉంటుంది.

ఊళ్లో ఈ వేసవిలో స్లాబ్ పెట్టుకున్నవాళ్లకు ఐసు ప్లాంటు అక్కర్లేదు. కంకర కుప్ప మీద ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లి గోనెసంచులు కప్పండి. నీళ్ల డ్రమ్ము ఎండలో కాకుండా చెట్టుకింద పెట్టండి. కొబ్బరికాయ తెల్లవారుజామున కొట్టి, ఎండెక్కేలోపు సగం స్లాబ్ దాటించండి. సెంట్రింగ్ రేకుల మీద, ఇనుము మీద ముందుగా నీళ్లు చల్లండి, కానీ రేకుల మీద నీళ్లు నిలవనివ్వద్దు. మిల్లర్ దగ్గర నీళ్లు కొలిచి పోసే బాధ్యత ఇంట్లో ఒక్కరికి అప్పగించి, మేస్త్రీ "ఇంకొంచెం పొయ్యి" అన్నా పొయ్యొద్దని చెప్పండి. మళ్లు కట్టడం మీకు నేర్పక్కర్లేదు.