దాచిపెడితే డిగ్రీలు పెరుగుతాయి

మా పాపకు వెన్నెముక ఆపరేషన్ తప్పదని తేలాక అనంతపురంలో మా అమ్మకు ఫోన్ చేశాను. కాసేపు ఏడ్చి, తర్వాత అంది: "ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దు మా. ఆడపిల్ల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇదే తవ్వుతారు."

పాపకు అప్పుడు 14 ఏళ్లు. అదే వారం తను బయాలజీ క్లాసులో తన ఎక్స్‌రేనే తెర మీద వేసి, వెన్ను పక్కకు వంగిన వంపును ఎలా కొలుస్తారో తోటిపిల్లలకు వివరించి వచ్చింది. తిండి, పండగ, పెద్దవాళ్ల ముందు నడవడిక లాంటి విషయాల్లో నేను చాలావరకు మా అమ్మ వైపే. దీంట్లో మాత్రం పాప వైపు.

అసలు ఈ వంపు బయటపడిందే స్కూల్లో. మేముండే న్యూజెర్సీలో పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు రెండేళ్లకోసారి వెన్ను పరీక్షించాలని చట్టం ఉంది. నర్సు రెండు అరచేతులూ కలిపి, మోకాళ్లు మడవకుండా ముందుకు వంగమంది. వంగినప్పుడు వీపు కుడి పక్క ఎడమ పక్క కంటే ఎత్తుగా లేచింది. పరీక్ష అంతే. ఎక్స్‌రే తీస్తే 31 డిగ్రీలు. పది డిగ్రీలకు చేరితే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసులో 25 దాటితే బ్రేస్ వేస్తారు, 50 దగ్గరికొస్తే ఆపరేషన్ మాట ఎత్తుతారు.

బ్రేస్ అంటే చంకల కింది నుంచి తుంటి దాకా బిగించే గట్టి ప్లాస్టిక్ కవచం. అమెరికా, కెనడాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి వంపు 50కి చేరకుండా ఆగింది. వేసుకోని వాళ్లలో 48 శాతం మందికే ఆగింది. రోజుకు 13 గంటలు, అంతకుమించి వేసుకున్న వాళ్లలో అయితే 90 శాతం పైమాటే. మా పాప శ్రద్ధగా వేసుకుంది. అయినా మిగిలిన ఆ కొద్దిమందిలో పడింది. మనిషి ఎంత చురుగ్గా పొడుగైందో వంపూ అంత చురుగ్గా పెరిగి, 54 అయింది.

బంధువులు తలా ఒక కారణం చెప్పారు. పుస్తకాల సంచి బరువన్నారు, పాలు తాగలేదన్నారు, ఫోన్ చూస్తూ గూని పడిందన్నారు. ఇవేవీ కారణం కాదు. ఈ వయసు పిల్లల్లో వచ్చే రకానికి కారణం ఫలానా అని వైద్యులకే తెలియదు. ఆడపిల్లల్లో వంపు ముదిరేది ఎక్కువ, కుటుంబాల్లో నడిచేది కూడా ఎక్కువ. ఈ చివరి మాట నా మనసులో నాటుకుపోయింది.

సర్జన్ మాతో కాదు, పాపతో మాట్లాడాడు. మన ఇళ్లలో పిల్లల్ని బయటికి పంపించి డాక్టరుతో మాట్లాడతాం. ఆయన కుర్చీ ఆమె ముందుకు లాక్కుని, వెన్నుపూసల్లోకి స్క్రూలు దించి, రెండు పక్కలా రాడ్లు బిగించి, ఎముక ముక్కలు పేర్చి ఆ పూసలన్నీ ఒకటిగా అతుక్కునేలా చేస్తామని బొమ్మ చూపించాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మెదడు నుంచి కాళ్లకు వెళ్లే సంకేతాలను ఒక మనిషి ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉంటారనీ చెప్పాడు. "డ్యాన్స్ చేయొచ్చా?" అని పాప అడిగింది. వీపు వంగదు, తుంటి దగ్గర వంగుతావు, కొన్ని నెలలు ఆగి చేయొచ్చు అన్నాడు. అమ్మ అడగమన్న ప్రశ్న నేను అడిగాను: పిల్లలు పుడతారా? ఈ ఆపరేషన్ దానికి అడ్డం కాదట. నడుము కింది దాకా పూసలు అతికించి ఉంటే కాన్పు సమయంలో వెన్నులో మత్తు ఇవ్వడం కష్టం కావచ్చు, ముందే మత్తు డాక్టరుకు చెప్పుకుంటే చాలు.

అమ్మ విమానమెక్కి వచ్చింది. ఆపరేషన్ మర్నాడే పాపను నడిపించారు. 1950లు, 60ల్లో హ్యూస్టన్‌లో డాక్టర్ హారింగ్టన్ వెన్నుకు రాడ్లు వాడటం మొదలైన కాలంలో నెలల తరబడి ప్లాస్టర్ కట్టులో ఉంచేవాళ్లట. మంచం మీద పక్కకు తిరగాలంటే భుజాలూ తుంటీ కలిపి ఒక దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పాలి. నాకంటే ముందు అది అమ్మకు అబ్బింది. ఒక చెయ్యి భుజం వెనక, ఒకటి మోకాళ్ల దగ్గర పెట్టి, "ఊ, ఇంగ తిరుగు బంగారూ" అనేది. చారన్నం మెత్తగా కలిపి ముద్దలు పెట్టేది. తల దువ్వి, రెండు జడలు వేసి, వీపు కింద పడకుండా ముందుకు వేసేది. ఆ సేవ ఏ ఆసుపత్రి కాగితంలోనూ రాసి ఉండదు.

మరుసటి వేసవిలో అనంతపురం వెళ్లాం. పాప అవ్వతో పాటు గొంతుక్కూర్చుని వాకిట్లో ముగ్గు వేసింది. పెద్దవాళ్ల కాళ్లకు దండం పెట్టాలంటే ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది. ఎందుకని అడిగిన వాళ్లందరికీ తనే చెప్పింది. అమ్మ మొదట్లో మధ్యలో అందుకుని మాట మార్చేది. తర్వాత ఊరుకుంది.

ఒక సాయంత్రం మిద్దె మీద పాప మా అన్న కూతుర్ని వంగమంది. అచ్చం అదే ఎత్తు, అదే కుడి పక్క. కిందికొచ్చి చెబితే మా వదిన ముఖం మాడిపోయింది. ఓణీల ఫంక్షన్‌కు జాకెట్టు కుట్టిన టైలరు ఒక భుజం దిగినట్టుందని అప్పుడే అన్నాడట. లోపల మెత్త పెట్టి సరిచేసి ఇచ్చాడట. పైన ఓణీ ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఎక్స్‌రేలో 36 డిగ్రీలు వచ్చింది. ఇంకా ఎదిగే వయసే. మేము అమ్మ మాట విని దాచి ఉంటే ఆ పిల్ల గురించి ఎవరికి తట్టేది? ఒకరికి ఉందంటే ముందు తెలియాల్సింది అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ముల పిల్లలకూ. దాచిన కొద్దీ బ్రేస్‌తో ఆగే వయసు దాటిపోతుంది.

బెంగళూరులో కొలతలు ఇచ్చి బ్రేస్ చేయించారు. అనంతపురం ఎండలో అది వేసుకోవడం నరకం. లోపల పలచని నూలు బనియన్ వేసుకోమనీ, చెమటకు తడిస్తే వెంటనే మార్చుకోమనీ, క్రీములు పూయొద్దనీ మా పాప ఫోన్‌లో చెబుతూ ఉంటుంది. గంటల లెక్క ఇద్దరూ రోజూ రాసి పంపుకుంటారు.

వదిన మాత్రం అడిగిన వాళ్లకు నడుం నొప్పికి బెల్టు అంటోంది. ఆమె భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కూడా కాదు. కానీ ఎవరికి చెప్పాలో ఆ పిల్లనే తేల్చుకోనివ్వమంటాను. బయటివాళ్ల సంగతి ఎలా ఉన్నా, వదిన చెల్లెలి పిల్లలు ఇద్దరున్నారు ధర్మవరంలో, పదకొండూ పదమూడూ. వాళ్లను ఒకసారి వంగమని చూడమని అడిగాను. ఇంకా ఊ అనలేదు. ఈ ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తాను.