సాక్షి సంతకం

"మనం పద్ధతి ప్రకారం వచ్చాం" అనే మాట అమెరికాలోని తెలుగు ఇళ్లలో పప్పన్నమంత మామూలు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా కాగితాలు లేనివాళ్ల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ మాట అంటారు. మిగతావాళ్లు తలలూపుతారు. ఆ తర్వాత కబుర్లు ఇళ్ల ధరల మీదికి పోతాయి. ఇన్నాళ్లూ పిల్లలు పక్క గదిలో ఆడుకునేవారు కాబట్టి ఆ మాటకు ఎదురుండేది కాదు. ఇప్పుడు వాళ్లు పదహారేళ్లవాళ్లై మన పక్కనే కూర్చుని తింటున్నారు. వింటున్నారు. "పద్ధతి అంటే ఏమిటి?" అని అడుగుతున్నారు.

మేముండేది చికాగోకు పడమరన ఉన్న అరోరాలో. ఇక్కడ బాలాజీ గుడి ఉంది కాబట్టి మనవాళ్లకు ఈ ఊరి పేరు తెలుసు. కానీ ఊరికి తూర్పు వైపు మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు మనకంటే చాలా ముందునుంచీ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో 'ఆపరేషన్ మిడ్‌వే బ్లిట్జ్' పేరుతో చికాగో చుట్టుపక్కల వలస అధికారుల దాడులు మొదలయ్యాక మా అమ్మాయి స్కూలు బ్యాగు జిప్పుకు ఒక నారింజ రంగు ప్లాస్టిక్ ఈల వచ్చి చేరింది. చికాగో పేటల్లో ఇరుగుపొరుగు పంచిపెట్టుకున్న ఈలలు అవి. అధికారులు దగ్గర్లో ఉంటే తెంపి తెంపి ఊదాలి, ఎవరినైనా పట్టుకుంటే ఆగకుండా ఊదాలి. విన్నవాళ్లలో దాక్కోవలసినవాళ్లు ఇంట్లోకి పోతారు, రాగలిగినవాళ్లు ఫోన్లు పట్టుకుని వీధిలోకి వస్తారు. ఈ తేడా అంతా అమ్మాయి తమ్ముడికి నేర్పుతుంటే మావారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. "హెచ్-4 మీద ఉన్న పిల్లకు ఈల ఎందుకమ్మా?" అన్నారు.

ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. మా ఇంట్లో నలుగురం. పుట్టుకతో పౌరుడు ఒక్క మావాడే. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాదీ అమ్మాయిదీ ఆయన వీసాకు తగిలించిన హెచ్-4. అమ్మాయి విజయవాడలో పుట్టి మూడేళ్లకు ఇక్కడికి వచ్చింది. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల భారతీయుల వరుస కదలదు. ఆ వరుసలో ఉండగానే బిడ్డకు 21 నిండితే తల్లిదండ్రుల ఫైలు నుంచి దాని పేరు జారిపోతుంది. వేరే వీసా సంపాదించుకోవాలి, లేదా తాను పెరిగిన ఊరు వదిలి వెళ్లాలి. ఇది కూడా కుటుంబాన్ని విడదీయడమే. కాకపోతే అర్ధరాత్రి తలుపు కొట్టరు, పుట్టినరోజు నాడు గడువు ముగుస్తుంది.

చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా పెరిగినవాళ్లను పంపేయకుండా, పని చేసుకోనిచ్చే పథకం డాకా. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం దాన్ని ప్రకటించింది. అది మా అమ్మాయిలాంటి పిల్లలకు వర్తించదు. ఆ రోజుకు చట్టబద్ధమైన హోదా లేకపోవడం దానికి ఒక షరతు. అంటే పద్ధతి ప్రకారం రావడమే వీళ్లకు అడ్డొచ్చింది. వీళ్లకోసం 'ఇంప్రూవ్ ది డ్రీమ్' అనే సంస్థ పెట్టి యువకులు వాషింగ్టన్ చుట్టూ తిరుగుతున్నారు. 2021లో వాళ్లు పట్టుబట్టి పెట్టించిన బిల్లు ఇంకా చట్టం కాలేదు. మా అమ్మాయి చెప్పేదాకా ఈ సంస్థ పేరు మా స్నేహితుల్లో చాలామందికి తెలియదు. గ్రీన్‌కార్డు తేదీలు మాత్రం నెలనెలా అందరికీ కంఠతా వస్తాయి.

డాకా కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఆ కథ చాలావరకు చికాగోదే. 2006 మార్చి 10న ఇక్కడ లక్షమంది దాకా వీధుల్లో నడిచారు. కాగితాలు లేకుండా ఉండటాన్నే నేరంగా మార్చే బిల్లు అప్పటికే ప్రతినిధుల సభ దాటింది. ఆ బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో ఎల్విరా అరెయానో అనే తల్లి అమెరికా పౌరుడైన కొడుకును తీసుకుని హంబోల్ట్ పార్కు దగ్గరి ఒక మెథడిస్టు చర్చిలో ఆశ్రయం తీసుకుంది. తానెక్కడ ఉందో దాచలేదు. ప్రపంచమంతా వినేలా చెప్పి ఏడాదిపాటు అక్కడే ఉంది. 2007 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో సభకు వెళ్లినప్పుడు పట్టుకుని మెక్సికో పంపేశారు. 2010 మార్చి 10న మరో తరం ఇదే నగరం నడిబొడ్డున, ఫెడరల్ ప్లాజాలో నిలబడి ఒక్కొక్కరుగా పేరు చెప్పి "నాకు కాగితాలు లేవు, నాకు భయమూ లేదు" అంది. అలాంటివాళ్లకు ఇక్కడే స్థిరపడే దారి చూపే డ్రీమ్ యాక్ట్ బిల్లుకు ఆ డిసెంబరులో సెనేట్‌లో 55 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. వాళ్లు ఇళ్లకు పోలేదు. ఏడాదిన్నరకు డాకా వచ్చింది.

వాళ్లు కనిపెట్టిన ఉపాయం మన పెంపకానికి పూర్తిగా ఎదురు. ఎవరికీ తెలియనివాణ్ణి చడీచప్పుడు లేకుండా విమానం ఎక్కించవచ్చు, పదివేలమందికి పేరు తెలిసినవాణ్ణి ఎక్కించడం కష్టం. మనం పిల్లలకు నేర్పేది నలుగురిలో నోరు మెదపవద్దని. వీసా సంగతి స్నేహితులకు కూడా చెప్పవద్దని.

ఆ మౌనం మనవాళ్లను కాపాడిందా? 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడ్డప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు బిగించారు. 2019లో మిషిగాన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విడ్డూరం. దాన్ని ఎరగా పెట్టింది వలస అధికారులే. ఫీజులు కట్టి చేరిన మన పిల్లల్ని వాళ్లే అరెస్టు చేశారు. ఆ పిల్లల్లో కొందరికి చదువుకంటే ఉద్యోగమే ముఖ్యమన్నది నిజమే. కానీ అందరూ వీసా ముద్ర వేయించుకుని విమానం దిగినవాళ్లే. తెలుగు సంఘాలు అప్పుడు లాయర్లను పెట్టాయి, ఆ మేలు మరువకూడదు. ఆ తర్వాత మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా బంధువుల అబ్బాయి ఒకడు అలాగే తిరిగి వెళ్లాడు. వాళ్లమ్మ ఊళ్లో కోర్సు అయిపోయిందని చెప్పుకుంది. లడ్డూలు కూడా పంచిందట.

ఇక 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఉత్తర్వు. జన్మతః పౌరసత్వం ఎవరికి వద్దన్నదో చూస్తే, కాగితాలు లేని తల్లుల బిడ్డల పక్కనే తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లుల బిడ్డలూ ఉన్నారు. కోర్టులు ఆపాయి గానీ, ఈలోపు అది అమలయ్యే తేదీకి ముందే, నెలలు నిండకపోయినా కాన్పు చేస్తారా అని మన ఆడపిల్లలు డాక్టర్లను అడిగిన సంగతి పత్రికల్లో వచ్చింది. "మనం వేరు, వాళ్లు వేరు" అన్న గీతను ఆ ఉత్తర్వు రాసినవాళ్లు లెక్కలోకే తీసుకోలేదు.

అక్టోబరులో మా అమ్మాయి స్నేహితురాలి తల్లి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇల్లినాయిలో తల్లిదండ్రులు అందుబాటులో లేనప్పుడు ఏడాది వరకు పిల్లల్ని చూసుకునేలా ఒకరిని కాగితం మీద నియమించవచ్చు. సాక్షులు ఇద్దరు కావాలి. ఆమె తన చెల్లెలి పేరు రాసింది. ఫోల్డరులో పిల్లల టీకా కార్డులు, స్కూలు నుంచి ఎవరు తీసుకెళ్లవచ్చో చెప్పే ఫారం, పాస్‌పోర్టు నకళ్లు ఉన్నాయి. 2018లో సరిహద్దు దగ్గర వేలమంది పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసినప్పుడు ఎవరి బిడ్డ ఎక్కడుందో సరైన నమోదే లేదు. న్యాయమూర్తి డానా సబ్రా 30 రోజుల్లో కలపమని ఆదేశించినా చాలామందిని వెతకడానికే ఏళ్లు పట్టింది. అందుకే ఇప్పుడు వలస కుటుంబాల సంఘాలు ముందు ఈ కాగితాలు సిద్ధం చేసుకోమంటున్నాయి. ఆమె ఒక పేజీ వెనకవైపు పెన్సిలుతో స్పానిష్‌లో ఏదో రాసుకుంది. ఏమిటని అడిగితే కూతురు చదివి చెప్పింది: పెద్దవాడికి పల్లీలు పడవు, చిన్నదానికి దీపం ఆర్పితే నిద్ర పట్టదు.

నేను సంతకం పెట్టాను. మావారు పెట్టలేదు. "మన ఫైలు నడుస్తోంది, ఎందుకు లేనిపోనిది" అన్నారు. సాక్షి చెప్పేది సంతకం నా కళ్లముందు జరిగిందని మాత్రమేనని నేనన్నాను. ఆయన ఫారం రెండు వైపులా చదివి, ఖాళీ నకలు ఒకటి తీసి తన సొరుగులో పెట్టుకున్నారు. రెండో సంతకం పక్కింటి రిటైరైన టీచరు పెట్టింది.

అమ్మాయికి నేను కొన్ని హద్దులు పెట్టాను. ఈల ఊదవచ్చు, దూరం నుంచి వీడియో తీయవచ్చు. ఎవరికీ అడ్డం నిలబడకూడదు, అరెస్టయ్యే పరిస్థితి తెచ్చుకోకూడదు. పౌరుడు ఒక రాత్రి లాకప్పులో ఉండి వస్తాడు, వీసా మీద ఉన్న పిల్లకు అదే చాలు ఉన్నది ఊడిపోవడానికి. "2010లో నిలబడ్డవాళ్లకు మీలాంటి అమ్మలే ఉంటే డాకా వచ్చేదా?" అని అడిగింది. ఉండే ఉంటారు, వాళ్లూ వద్దనే ఉంటారు అన్నాను. మా ఇద్దరి మధ్య ఇది తెగలేదు.

ఈ ఫారాల గురించి చెప్పడానికి లాయరును పిలుద్దామని మా తెలుగు సంఘంలో అడిగాను. రాజకీయాలు వద్దు, మనవాళ్లు కంగారుపడతారు అన్నారు. సరే, మా ఇంటి బేస్‌మెంటులోనే శనివారం పెట్టుకుంటున్నాం. ఏ వీసావాళ్లైనా, ఏ వీసా లేనివాళ్లైనా రావచ్చు. జడ్జి సంతకం ఉన్న వారంటు చూపిస్తే తప్ప తలుపు తీయనక్కర లేదన్న సంగతి అమ్మాయి తెలుగులోనూ, స్నేహితురాలు స్పానిష్‌లోనూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. తూర్పు వైపు కుటుంబాలు పేరు, ఫోను నంబరు, ఎంతమంది వస్తారో అన్నీ ఇచ్చాయి. మనవాళ్లలో వస్తామన్నవారు చాలామంది జాబితాలో పేరు మాత్రం రాయవద్దన్నారు. రాయలేదు. కుర్చీలు మాత్రం వాళ్లకు కూడా లెక్కేసి తెప్పిస్తున్నాం.