మబినోగిలో నాయకుణ్ణి వెతక్కండి, బాకీలు చూడండి

వేల్స్ దేశపు మధ్యయుగ కథలు ‘మబినోగి నాలుగు శాఖలు’ చదువుతుంటే అడ్డుపడేది నోరు తిరగని పేర్లు కాదండి, కథకి ఒక నాయకుడు ఉంటాడనుకోవడం. నాలుగింట్లోనూ కనిపించేది పుయిల్ రాజు, రియానన్‌ల కొడుకు ప్రదెరి ఒక్కడే. అతను మొదటి శాఖలో పుడతాడు. రెండోదాంట్లో ఐర్లండ్ యుద్ధం నుంచి బతికొచ్చిన ఏడుగురిలో ఒక పేరు, అంతే. మూడోదాంట్లో చెరలో పడతాడు, నాలుగోది సగం కాకముందే చనిపోతాడు. ఇప్పుడు దొరకని ప్రదెరి జీవితకథ ఏదో వీటి అడుగున ఉందని డబ్ల్యూ. జె. గ్రఫిద్ అనే పండితుడు వాదించాడు. కానీ సుమారు 1350 నాటి రిదర్ఖ్ తెల్ల పుస్తకం, ఆ తర్వాతి హెర్గెస్ట్ ఎర్ర పుస్తకం అనే చేతిరాత ప్రతుల్లో మనకు మిగిలిన కథ అలా నడవదు. ఒకరికి జరిగిన అవమానం, దానికి ఎవరో ఎప్పుడో తీర్చాల్సిన బాకీ, వీటి మీదే నడుస్తుంది.

మొదటి శాఖలో పెళ్లివిందు చూడండి. ఎవరో వచ్చి వరం అడిగితే, ఏమిటని కూడా చూడకుండా “నా చేతనైనది ఏదైనా ఇస్తా” అనేస్తాడు పుయిల్ రాజు. వచ్చినవాడు గ్వౌల్, అడిగింది పెళ్లికూతురు రియానన్‌ని. ఏడాది తర్వాత రియానన్ చెప్పిన ఉపాయంతో పుయిల్ బిచ్చగాడి వేషంలో వెళ్లి గ్వౌల్‌ని సంచిలో బిగిస్తాడు. లోపలికొచ్చిన ప్రతివాడూ ఆ సంచిని ఒక తన్ను తన్నిపోతాడు. పగ తీర్చుకోనని గ్వౌల్ చేత మాట తీసుకుని వదిలేస్తారు. ఆ మాట గ్వౌల్ ఇచ్చినది. అతని స్నేహితులు ఇచ్చినది కాదు.

ఆ సందులోంచే మూడో శాఖ పుడుతుంది. పుయిల్ ఏలిన దవెద్ రాజ్యం మాయలో పడి మనుషులూ పశువులూ మాయమైపోతారు. ప్రదెరి, అతని తల్లి రియానన్ చెరలో పడతారు. ఆమెను మారుమనువు చేసుకున్న మనవదన్ మూడు చేలల్లో గోధుమ వేస్తాడు. కోతకొచ్చిన చేను తెల్లారేసరికి కంకుల్లేకుండా ఒట్టి కాడలై నిలబడి ఉంటుంది. మర్నాడు రెండోదీ అంతే. వరి చేలల్లో ఎలుక బుట్టలు పెట్టే మన డెల్టా ఊళ్లలో ఈ ఘట్టాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మూడో రాత్రి కాపు కాసి, పరిగెత్తలేక వెనకబడ్డ ఒక ఎలుకని పట్టుకుని దానికి ఉరికొయ్య నాటుతాడు. ఒక పండితుడొచ్చి వదిలెయ్యమని ఒక పౌను ఇస్తానంటాడు. తర్వాత వచ్చిన ఫాదిరి మూడు పౌన్లంటాడు. చివరికి వచ్చిన బిషప్ ఏడంటాడు, ఇరవై నాలుగంటాడు, గుర్రాలూ సరంజామా అంతా ఇస్తానంటాడు. మనవదన్ డబ్బు ముట్టుకోడు. ఆ బిషప్ వేషం వేసింది గ్వౌల్ స్నేహితుడు ల్లుయిద్, ఎలుక అతని భార్య, నిండు గర్భిణి. ఇద్దర్నీ విడిపించు, మాయ తియ్యి అని అడిగాక మనవదన్ ఇంకోటి అడుగుతాడు: ఇక ముందు దవెద్ మీద మాయ వెయ్యకూడదు, దీనికి మా ముగ్గురి మీదా ఎప్పుడూ పగ తీర్చుకోకూడదు. “అది అడక్కపోయుంటే కష్టమంతా నీ నెత్తినే పడేది” అంటాడు ల్లుయిద్. పుయిల్ వదిలేసిన సందు ఇక్కడ పూడుతుంది. నాలుగు శాఖల్లోకీ బిగువైన కూర్పు ఇదేనని నా నమ్మకం.

ఈ కథలు పైకి చెప్పేటప్పుడు చెడేది మూడుసార్ల దగ్గర. మొదటి శాఖలోనే, పెళ్లికి ముందు, గుర్రం మీద నెమ్మదిగా పోతున్న రియానన్‌ని పట్టుకోమని మొదటి రోజు, రెండో రోజు పుయిల్ మనుషుల్ని పంపుతాడు. ఎంత తోలినా అందదు. మూడో రోజు తనే వెంటపడి, చేతకాక, ఆగమని అడుగుతాడు. “సంతోషంగా ఆగుతాను, ఆ మాట ముందే అడిగుంటే గుర్రానికైనా మేలయ్యేది” అంటుందామె. మొదటి రెండు రోజుల్నీ ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ జవాబు తుస్సుమంటుంది. ఆ రెండూ దాదాపు అవే మాటల్లో రావాలి, మూడోసారే మాట మారాలి.

యుద్ధాలకి మాత్రం ఈ కథకుడు చోటివ్వడు. ఐర్లండ్ నాశనం కొన్ని వాక్యాలే. తర్వాత ఆ ఏడుగురూ రాజు బెందిగేద్‌వ్రాన్ తెగిన తలతో కలిసి గ్వేల్స్ దీవిలో విందులో గడిపిన ఎనభై ఏళ్లూ అంతే పొట్టిగా గడిచిపోతాయి. బేరాలకీ షరతులకీ మాత్రం పేజీలు పేజీలు ఇస్తాడు.

షరతులంటే నాలుగో శాఖే. అందులో ల్లెయి అనే వీరుణ్ణి ఇంట్లో చంపలేరు, బయట చంపలేరు, గుర్రం మీద ఉంటే చంపలేరు, నేల మీద ఉన్నా చంపలేరు. అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి వెళ్లొచ్చే మనకి వెంటనే హిరణ్యకశిపుడు గుర్తొస్తాడు. కానీ అల్లిక వేరు. అక్కడ వరంలో సందు ఎలా దొరుకుతుందా అని వింటాం. ఇక్కడ ల్లెయి తన చావు గుట్టు తనే భార్య బ్లొదెయ్‌వెద్‌కి పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు: ఏటి ఒడ్డున స్నానపు తొట్టి, దానిపైన గడ్డికప్పు, ఒక కాలు తొట్టి అంచు మీద, ఒక కాలు మేక వీపు మీద. ఆదివారం పూజ వేళల్లో మాత్రమే పనిచేస్తూ ఏడాది పాటు చేసిన ఈటె కావాలి. ఆమె ప్రియుడు ఆ ఏడాదంతా ఈటె చేస్తాడు. తర్వాత ఎలా నిలబడాలో చూపించమని ఆమె అడిగితే ల్లెయి వెళ్లి నిలబడి చూపిస్తాడు. చెప్పేవాళ్లు ఈటె సంగతి చివరికి దాచకూడదు. వినేవాళ్లకి ముందే అంతా తెలిసి ఉండాలి, అతను కాలెత్తి మేక మీద పెడుతుంటే ఆపలేక చూడాలి.

ఒక్క పూటే ఉంటే సంచి కథ, వెంటనే ఎలుక కథ చెప్పండి. రెండో శాఖ వదిలేసినా పరవాలేదు, మనవదన్ దానిలోంచి బతికొచ్చాడని ఒక్క ముక్క చాలు. ఎలుక కథ ఒక్కటే చెబితే మాత్రం ల్లుయిద్ ఎందుకొచ్చాడో ఎవరికీ అంతుపట్టదు.