లేని చోట పగులు

మా ఎంటెక్‌లో ఫ్రాక్చర్ మెకానిక్స్, అంటే వస్తువులు ఎలా పగులుతాయో చెప్పే శాస్త్రం, పాఠం లారీ షెడ్డులో మొదలైంది. అంటే సార్ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లలేదు, మాటల్లోనే. "ఛాసిస్ పగిలితే వెల్డర్ ముందు ఏం చేస్తాడు?" అని అడిగారు. మా ఊరి బస్టాండ్ వెనక షెడ్డులో చూసిన జ్ఞాపకంతో "పగులు కొసన డ్రిల్లుతో కన్నం వేస్తాడు సార్" అన్నాను. "ఉన్న పగులు చాలక ఇంకో కన్నమా? ఎందుకు?" అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సార్ బోర్డు మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక రంధ్రం గీశారు. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజినీరు వేసిన లెక్క అది. పెద్ద ప్లేటును లాగితే గుండ్రటి కన్నం అంచున స్ట్రెస్, అంటే లోహం లోపలి ఒత్తిడి, మూడింతలవుతుంది. రంధ్రం సన్నబడేకొద్దీ కొసన ఇంకా పెరుగుతుంది. కొస సూదిమొనైతే లెక్కలో అనంతం. వెల్డర్ ఆ మొననే మొండి చేస్తున్నాడు. అనంతమైతే చిన్న గీత పడ్డ ప్రతి గాజుముక్కా ముట్టుకోగానే విరగాలి కదా అని మావాడొకడు అడిగాడు. దానికి 1921లో అచ్చయిన గ్రిఫిత్ అనే ఇంజినీరు వ్యాసంలో సమాధానం ఉంది. పగులు పెరిగితే విడుదలయ్యే శక్తి, కొత్తగా ఏర్పడే రెండు ముఖాలకు కావలసిన శక్తికి సరిపోవాలి. లేకపోతే పగులు కదలదు.

మనవాళ్లు పగులును ఒక్క మాటతో సరిపెట్టరు. నేల నెర్రెలు బారుతుంది, గోడ బీటలు వారుతుంది, కర్ర చీలుతుంది, అద్దం పగులుతుంది. కంప్యూటర్‌కి మాత్రం ఇవన్నీ ఒకటే తలనొప్పి. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో వస్తువును చిన్న గళ్లుగా విడగొట్టి, గడి లోపల కదలిక ఎక్కడా తెగకుండా ఉంటుందనుకుంటాం. పగులంటేనే తెగడం. అందుకని గళ్ల అంచులు పగులు వెంబడే నడిచేలా మెష్, అంటే ఆ గళ్ల వల, గీయాలి. పగులు ఒక మిల్లీమీటరు ముందుకెళ్తే మళ్లీ గీయాలి. కొస దగ్గర స్ట్రెస్ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఎలిమెంట్ (గడి) అంచు మధ్యలో ఉండే నోడును, అంటే కదలికను లెక్కగట్టే బిందువును, కొస వైపు పావు దూరానికి జరిపే చిట్కా 1970ల నుంచే ఉంది. పని చేస్తుంది, నిజమే. కానీ మా సీనియర్లు రాత్రంతా ల్యాబ్‌లో మెష్‌లు గీసి తెల్లారి టిఫిన్ సెంటర్‌లో నిద్రపోవడం చూశాక, ఆ దారిలో వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను.

2008లో సార్ నా చేతిలో పెట్టినవి రెండు జిరాక్స్ వ్యాసాలు. ఒకటి బెలిచ్కో, బ్లాక్‌లది, ఇంకోటి మోయెస్, డాల్బో, బెలిచ్కోలది. రెండూ 1999వే. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పుట్టిన ఈ ఎక్స్‌ఫెమ్ (ఎక్స్‌టెండెడ్ ఫైనైట్ ఎలిమెంట్) పద్ధతిలో మెష్‌ను ముట్టుకోనక్కర్లేదు. పగులు ఏ గళ్లను కోస్తే ఆ గళ్ల నోడ్లకు అదనపు తెలియని రాశులు ఇస్తారు. పగులుకు ఒక పక్క ప్లస్ ఒకటి, ఇంకో పక్క మైనస్ ఒకటి. కొస ఉన్న గడికి, కొస చుట్టూ కదలిక ఎలా ఉంటుందో చెప్పే నాలుగు ప్రత్యేక ఫంక్షన్లు. మామూలు నోడుకు రెండు తెలియని రాశులైతే, కోసిన గడి నోడుకు నాలుగు, కొస దగ్గరి నోడుకు పది.

మూడు నెలలు మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాశాను. మొదటి పరీక్ష, అంచు నుంచి సగం వెడల్పు దాకా తిన్నగా పగిలిన ప్లేటు. కొస దగ్గర స్ట్రెస్ తీవ్రతను చెప్పే అంకెను కే అంటారు, పుస్తకం ప్రకారం దాని గుణకం 2.83. నాకు దాదాపు అంతే వచ్చింది. ఆ రోజు హాస్టల్‌లో అందరికీ టీ నా ఖర్చే.

తర్వాత పెద్ద ప్లేటు మధ్యలో నలభై ఐదు డిగ్రీల వాలులో పగులు. తిన్నటి పగులు కేతో పోలిస్తే, పగులు తెరుచుకోవడాన్ని చెప్పే కే, ముఖాలు ఒకదానిపై ఒకటి జారడాన్ని చెప్పే కే రెండూ సగం సగం రావాలి. నాకు వచ్చిన అంకెలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి. రెండు వారాలు అంకెలే చూశాను. థీసిస్ గడువు టెన్షన్ వేరే. సార్ స్క్రీన్ వైపు కూడా చూడకుండా, "ఏం నాయనా, ప్లేటు ఎక్కడ చిరిగిందో చూశావా?" అన్నారు. చూడలేదు. నోడ్లను కలిపి గీసిన బొమ్మలో అది కనిపించదు. గడి లోపల బిందువులు పెట్టి సాగదీసి గీయమన్నారు.

గీశాను. కొస దగ్గర, పగులే లేని గట్టి లోహంలో, అడ్డంగా ఒక చిన్న చిరుగు! తీటా అంటే కొస చుట్టూ కొలిచే కోణం. ఆ నాలుగు ఫంక్షన్లలో సైన్ తీటా బై టూ ఉన్నది, తీటా మైనస్ పై నుంచి ప్లస్ పైకి దూకే చోట తెగుతుంది. నేను తీటాను ప్లేటు అక్షం నుంచి కొలిచాను, పగులు దిశ నుంచి కాదు. తిన్నటి పగులుకు రెండూ ఒకటే కాబట్టి తప్పు అక్కడ దాక్కుంది.

ఒక గంటలో దిద్దేశానని పరుగెత్తాను. వచ్చిన కోణంలోంచి పగులు కోణం తీసేశాను. మళ్లీ గీస్తే చిరుగు అక్కడే ఉంది! సార్ పడీపడీ నవ్వారు. కోణం కనుక్కున్నాక తీసేస్తే అది దూకే చోటు మారదు. ముందు ఎక్స్, వైలను పగులు దిశకు తిప్పి, ఆ తర్వాతే కోణం కనుక్కోవాలి. మారింది ఒక్క లైను. సగం, సగం వచ్చాయి.

అన్నట్టు, మేం థీసిస్ బైండింగ్‌కి ఇచ్చిన 2009లోనే అబాకస్ 6.9 అనే ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పద్ధతి మెనూలోకి వచ్చేసింది. రెండు క్లిక్కులు. అప్పుడు ఏడుపొచ్చింది, ఇప్పుడు అదే క్లిక్కులతో జీతం తీసుకుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలు రంగుల బొమ్మ తెస్తే, కొస దగ్గర జూమ్ చేయమంటాను. వాళ్లు నన్ను కాస్త చాదస్తుణ్ణి అనుకుంటారు.

ఆ తప్పు బొమ్మ ప్రింటు సార్ గదిలో బీరువా తలుపుకి చాలా ఏళ్లు అంటించి ఉండేది. రిటైరయిన రోజు వెళ్తే, గోడలన్నీ ఖాళీ చేశారు, అదొక్కటి తీసి నా చేతిలో పెట్టారు. టేపు మరకలు పసుపెక్కాయి. కింద పెన్సిల్‌తో "అంకెలు బానే ఉన్నాయి, ప్లేటే చిరిగింది" అని ఆయన రాత.