ఉక్కపోతలో వీణ: చెమట పట్టే చేతులు

వీణ మీద ఎడమచేతి వేళ్ళకు రెండు పనులు ఉంటాయి. తీగను మెట్టు మీద, అంటే తీగల కింద అడ్డంగా అమర్చిన లోహపు పట్టీ మీద, నొక్కుతూ ముందుకూ వెనక్కూ నడవడం మొదటిది. అదే మెట్టు మీద తీగను పక్కకు లాగి, రెండు మూడు స్వరాలు పలికించి, మళ్ళీ మొదటి స్వరానికి తేవడం రెండవది. లాగిన తీగ వేలి కింద నుంచి జారితే గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే తీరు, నడిమధ్యలో తెగిపోతుంది. వేలు తీగకు అతుక్కుంటే జారు, అంటే ఒక స్వరం నుంచి మరొకదానికి వేలిని జార్చడం, వాయించవలసిన చోట కీచుమన్న చప్పుడు వస్తుంది. చెమట ఈ రెండు చెడుపులూ చేయగలదు. కొద్దిపాటి తడి ఉన్నప్పుడు చర్మం తీగను పట్టుకుని వదలదు. తడి మరీ ఎక్కువై నడుమ నీటి పొర ఏర్పడితే పట్టు తప్పుతుంది. అందుచేత నేను వీణ చెప్పే పిల్లలతో, చేతిని ఎండబెట్టాలని తాపత్రయపడవద్దని, వేలు తీగ మీద మొదటి నిమిషంలో ఎలా కదిలిందో గంట తరువాత కూడా అలాగే కదిలేటట్లు చూసుకుంటే చాలునని అంటాను.

మా అమలాపురం వైపు ఇది అంత తేలిక కాదు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆవిరి కావడం. రాయలసీమలో ఎండ మాకంటే తీవ్రంగా ఉన్నా అక్కడి పొడిగాలికి చెమట ఆరిపోతుంది. మాకు ఒకవైపు బంగాళాఖాతం, మిగిలిన వైపులన్నీ గోదావరి పాయలు, కాలువలు, నీళ్ళు నిండిన చేలు. వేసవిలో కాలువలు కట్టేసిన నెలల్లో కూడా సముద్రపు గాలి తేమను మోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి, రోహిణి కార్తెలో మధ్యాహ్నం వీణ ముందు కూర్చుంటే పట్టిన చెమట పట్టినట్లే ఉండిపోతుంది. అయినా ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారూ, కాకినాడలో 1936లో పుట్టిన వారి శిష్యులు చిట్టిబాబు గారూ ఈ ప్రాంతం వారే కదా అని ఉక్కపోత గురించి ఫిర్యాదు చేసే పిల్లలకు గుర్తుచేస్తూ ఉంటాను. వారికి ఆ మాట పెద్దగా ఊరట కలిగించదనుకోండి.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఒళ్ళంతా పట్టే చెమటకు కారణం వేడి. అరచేతుల్లో, అరికాళ్ళలో పట్టే చెమటకు మాత్రం వేడికంటే మనసులోని అలజడే పెద్ద కారణం. ఆ రెండు చోట్లా చెమట గ్రంథులు ఒంటి మీద మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి, భయం, ఉద్వేగం, పట్టుదలతో చేసే పని వంటివాటికి వెంటనే స్పందిస్తాయి. చల్లని గదిలో పరీక్షాధికారి ఎదుట కూర్చున్న విద్యార్థి చేతులు తడిసిపోవడం అందువల్లనే. వేడి వల్ల వచ్చిన చెమటకు గాలి, నీడ, వేళ మార్చుకోవడం పనిచేస్తాయి. కంగారు వల్ల వచ్చిన దానికి అవి పెద్దగా పనిచేయవు. మే నెల మధ్యాహ్నం వీణ వాయించేవారికి మరొక చిక్కు కూడా ఉంది. ముంజేతి మీద పట్టిన చెమట కిందికి కారి మణికట్టు మీదుగా వేళ్ళలోకి చేరుతుంది. చేతులకే చెమట ఎక్కువని బాధపడే చాలామందికి నిజానికి ఇబ్బంది పెట్టేది ఈ కారే చెమటే. మణికట్టుకు పైన మెత్తని నూలుగుడ్డ పట్టీ ఒకటి వదులుగా చుట్టుకుంటే అది అక్కడే ఆగిపోతుంది. చూడడానికి బాగుండదని పెద్దపిల్లలు ఒప్పుకోరు గాని, సాధన వేళ ఎవరు చూస్తారు?

వీణకు మన పెద్దలు ఏర్పాటు చేసిన ఉపాయం నూనె. చిన్న గిన్నెలో కొబ్బరినూనెలో తడిపిన దూదిని పక్కన పెట్టుకుని, కృతికీ కృతికీ నడుమ చూపుడు వేలినీ మధ్య వేలినీ దానికి తాకించడం వైణికుల్లో పాత అలవాటు. తడి చర్మానికి నూనె పూయడమేమిటని కొత్తవారు ఆశ్చర్యపోతారు. నూనె నీటిలో కలవదు కనుక, పలుచని నూనె పొర ఉన్నంతసేపు చెమట పట్టినా వేలు తీగ మీద ఒకే తీరుగా జారుతుంది, ఉప్పుతో కూడిన తడి ఉక్కు తీగను నేరుగా తాకడం కూడా కొంత తగ్గుతుంది. అయితే ముందుగా చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. చెమట మీదనే నూనె అద్దితే రెండూ కలిసి జిడ్డుగా మారి, మెట్ల ఇత్తడితో చేరి వేళ్ళకు నల్లని మరక పడుతుంది. నూనె చుక్క కూడా ఎక్కువే, తడి కనిపించీ కనిపించనట్లుండాలి. కోనసీమలో కొబ్బరినూనెకు కొదవ ఏముంది గాని, పుష్యమాసపు తెల్లవారుజామున అది పేరుకుని ఉంటుంది. ఇరవై నాలుగు డిగ్రీలకు అటూ ఇటూగా కరిగే నూనె కదా. అటువంటి రోజున దూదిని అరచేతిలో కాసేపు ఉంచుకుంటే సరిపోతుంది.

పౌడరు సంగతి వేరు. వయొలిన్ వాయించేవారిలో కొందరు ఎడమచేతికి కొద్దిగా పౌడరు రాసుకుంటారు. అక్కడ నూనె పెద్ద ప్రమాదం, ఎందుకంటే అది తీగ మీదుగా కమాను, అంటే తీగలను పలికించే కర్ర, వెంట్రుకలకు అంటితే వాటికి పట్టు కోసం రాసే రాజనం (రోజిన్) పట్టదు, రాజనం లేని కమాను తీగను పలికించలేదు. అందుకే కమాను వెంట్రుకలను చెమట చేతితో తాకకూడదని మొదటి పాఠంలోనే చెబుతారు. మా ఉక్కపోతలో పౌడరు పది నిమిషాలు హాయిగా ఉంటుంది, తరువాత చెమటతో కలిసి ముద్దలా మారి, సన్నని తీగ చుట్టి చేసిన తీగల సందుల్లో చేరి నాదాన్ని మందగింపజేస్తుంది. కొండలెక్కేవారు వాడే తెల్లని మెగ్నీషియం కార్బొనేట్ పొడిని గిటారు నేర్చుకునే ఒక అబ్బాయి తెప్పించుకున్నాడు. అది పట్టు పెంచడానికి పుట్టిన పదార్థం. జారు, గమకం వాయించవలసిన వేలికి పట్టు పెంచుకుని లాభం లేదు.

తుడుచుకునే గుడ్డ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నీరు పీల్చదు. టర్కీ తువ్వాలు నూలుపోగులు వదులుతుంది. ఎన్నో ఉతుకులు పడి మెత్తబడిన బండారులంక నేత తువ్వాలు ముక్కకు సాటి వచ్చేది నాకు ఇంతవరకు దొరకలేదు. రెండు ముక్కలు కావాలి, చేతికి ఒకటి, తీగలకు ఒకటి. నూనె చేతి గుడ్డతో తీగలు తుడిస్తే తుడిచినట్లు కాదు. కుడి ముంజేయి ఆనే వీణ కుండ అంచు మీద కూడా పలుచని గుడ్డ వేసుకోవడం మంచిది, పనసకర్ర మీది మెరుగు చెమటకు త్వరగా పోతుంది.

వేలికి కాచిన కాయ గురించి కూడా చెప్పాలి. రోజూ సాధన చేసేవారి చూపుడు వేలి కొన మీద తీగ ఒరిపిడికి చర్మం గట్టిపడుతుంది, అదే వేలిని కాపాడుతుంది. చెమటకు నాని మెత్తబడిన కాయను ఉక్కు తీగ సులువుగా కోస్తుంది. కనుక స్నానం చేసిన వెంటనే, గిన్నెలు తోమిన వెంటనే వీణ పట్టవద్దు. చర్మం ఆరి మళ్ళీ గట్టిపడేదాకా ఆగాలి. ఎండాకాలంలో ఏకబిగిన గంటన్నర వాయించేకంటే తెల్లవారుజామున కొంతసేపు, దీపాలు పెట్టిన తరువాత కొంతసేపు కూర్చోవడం వేళ్ళకు మేలు చేస్తుంది.

వేదిక మీది కంగారు చెమటకు దసరా పందిళ్ళకంటే గట్టి పరీక్ష లేదు. వానలు ఇంకా పూర్తిగా వెళ్ళవు, పందిరి చుట్టూ కట్టిన గుడ్డలు గాలిని రానీయవు, ఎదురుగా దీపాల వేడి, మొదటి వరుసలో ఊరి పెద్దలు. ఇటువంటి చోట తోడి, బేగడ వంటి రాగంతో, అంటే తీగను ఎక్కువగా లాగవలసిన రాగంతో కచేరీ మొదలుపెట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. హంసధ్వని వంటి రాగంలో చురుకైన కృతితో మొదలుపెడితే మెట్ల మీద నొక్కుతూ నడిచే వాదనే ఎక్కువగా ఉంటుంది. చేతులు తడిసినా స్వరం చెడదు. స్వరం చెడలేదని తెలిసేసరికి కంగారు తగ్గుతుంది, కంగారుతో పాటు చెమటా తగ్గుతుంది. గమకం నిండిన రాగాలను ఆ తరువాత ఎత్తుకోవచ్చు. పావుగంట ముందుగా వేదిక మీద కూర్చుని శ్రుతి చూసుకుంటూ వేళ్ళను ఆ గాలికి అలవాటు చేసుకోవడం, వాయించే ముందు వేడి కాఫీ మానుకోవడం కూడా ఉపయోగపడ్డాయి. ఫ్యాను అడిగి పెట్టించుకోవచ్చు గాని, గాలి మైకుకు తగలకుండా ఎడమవైపు నుంచి చేతి మీదికి వచ్చేలా పెట్టాలి. ఏసీ హాలైతే చల్లదనానికి తీగ బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, మొదటి అరగంట తీగలను బిగించే బిరడల మీద కన్నేసి ఉంచాలి.

ఇవేవీ పనిచేయనంతగా చేతుల నుంచి చెమట చుక్కలుగా కారేవారు ఉంటారు. చిన్నతనం నుంచే రెండు చేతులకూ సమానంగా పట్టి, నిద్రలో ఆగిపోయే ఈ లక్షణం చాలాసార్లు కుటుంబంలో మరొకరికి కూడా ఉంటుంది. దీనికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర మందు ఉంది. రాత్రి పడుకోబోయే ముందు బాగా ఆరిన అరచేతులకు అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాసి పొద్దున్నే కడుక్కోవడం మొదటి మెట్టు. తీగ కోసిన వేలి మీద రాస్తే భగ్గున మండుతుంది. నీటి పళ్ళెంలో చేతులు ఉంచి స్వల్ప విద్యుత్తు పంపే చికిత్స కూడా చాలామందికి మేలు చేస్తుంది, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు అది పనికిరాదు. బొటాక్స్ ఇంజెక్షన్లు కొన్ని నెలలు చెమటను ఆపుతాయి గాని చేతి కండరాలను కొంతకాలం బలహీనపరచవచ్చు కనుక, వాద్యకారులు ఆ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. చెమట తగ్గించే మాత్రలు ఒళ్ళంతటా చెమటను తగ్గిస్తాయి. మా ప్రాంతపు మే నెలలో అది వడదెబ్బకు దారితీయవచ్చు. ఛాతీలో నరాన్ని కత్తిరించే శస్త్రచికిత్స తరువాత వీపు, పొట్ట మీద చెమట పెరగడం తరచుగా కనిపించే ఫలితం కనుక దానికి తొందరపడకూడదు. పెద్దవయసులో హఠాత్తుగా మొదలైనా, రాత్రిళ్ళు ఒళ్ళంతా తడిసినా, బరువు తగ్గుతున్నా అది వీణ సమస్య కాదు, థైరాయిడ్ వంటివి చూపించుకోవాలి.

చెమటలోని ఉప్పు వేళ్ళకంటే ఎక్కువగా నష్టపరిచేది వాద్యాన్ని. వాయించే తీగల్లో మొదటి రెండూ, ఉక్కు తీగలైన సారణి, పంచమం, తుప్పు పట్టి గరుకెక్కుతాయి, గరుకెక్కిన తీగ మీద ఏ నూనె రాసినా వేలు జారదు. తరువాతి రెండు తీగలు, మంద్రం, అనుమంద్రం, ఇత్తడివైతే నల్లబడి నాదం మొద్దుబారుతుంది. వాయించడం ముగియగానే తీగను గుడ్డతో పైనా కిందా పట్టుకుని గుర్రం దాకా, అంటే కుండ మీద తీగలు ఆనే దిమ్మ దాకా, తుడవాలి, మెట్టుకు తగిలే అడుగు భాగాన్ని చాలామంది వదిలేస్తారు. మెట్లను నిలబెట్టే మైనం కూడా ఈ వేడికి మెత్తబడుతుంది. స్వరం తప్పుతున్నది చెమటవల్లనని వేళ్ళను తిట్టుకునే ముందు మెట్లు కదిలాయేమో చూడడం, కదిలితే మేళం మళ్ళీ కట్టించడం, అంటే మెట్లను మైనంలో సరైన చోట తిరిగి నిలబెట్టించడం, అవసరం.

మొన్న ఒక తల్లి, "మా పిల్లకు చేతులు ఊరికే తడిసిపోతాయండీ, వీణ మానిపించి పాట నేర్పించమంటారా?" అని అడిగారు. ఆ అమ్మాయి సారణి తీగను చూశాను, గుర్రం నుంచి తీగ రెండో కొన ఆనే మేరువు దాకా ఎర్రగా తుప్పు. కొత్త తీగ కట్టి, దూదికి నూనె అద్ది ఇచ్చాను. అమ్మాయి మాయామాళవగౌళలో జంట స్వరాలు కీచు లేకుండా వాయించింది. తల్లికి తీగల చుట్ట ఒకటి అదనంగా ఇంట్లో ఉంచమనీ, వేసవి ముగిసేదాకా రెండు వారాలకొకసారి సారణి మార్చమనీ చెప్పాను.