కడప వరండాలో కువైట్ వార్తలు

కడపలో గానీ రాజంపేటలో గానీ రాయచోటిలో గానీ ఏ వీధికి పోయినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. మా ఇంట్లో ఇది మూడో తరం. మా నాయన కువైట్‌లోని సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా చేశాడు. పెళ్ళయ్యాక నేను మా ఆయన వెంట ఫహాహీల్ చేరాను. పిల్లలిద్దరూ పుట్టింది అక్కడే. ఎన్నేళ్ళున్నా ఆ దేశం వాళ్ళను పౌరులుగా ఒప్పుకోదు. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, తీరిన రోజు పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఈ సంగతి మా పెద్దోడికి బాగా తెలుసు. అయినా ఎవరైనా "ఏ ఊరబ్బీ మీది?" అంటే ఫహాహీల్ అనే చెప్తాడు. మా వదినకు అది మింగుడుపడదు. "మీ నాయనది యర్రముక్కపల్లె రా, అది చెప్పు" అంటుంది. వాడు సరేనని తలూపుతాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ ఫహాహీలే.

ఇంతకుముందు నేనూ నవ్వేదాన్ని. 2025 జూన్ సెలవుల్లో ఒక రాత్రి తర్వాత నవ్వడం మానేశాను. ఆ రాత్రి సంగతి అర్థం కావాలంటే ముందు మా నాయన రేడియో గురించి చెప్పాలి.

అది నేషనల్ ప్యానసోనిక్ టూ ఇన్ వన్. నాయన మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు. ఆయనకు ఉత్తరం రాయడమంటే బద్ధకం. క్యాసెట్టులో ఒక పక్క మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. రెండో పక్క ఖాళీగా ఉండేది. దాంట్లో మేం మాట్లాడి, పోయేవాళ్ళ చేత తిరిగి పంపాలి. అమ్మ ఆ మిషను ముందు కూర్చుంటే గొంతు పెగిలేది కాదు. "అంతా బాగుండాం, ఆరోగ్యం చూసుకో" అని ఆపేసేది. మిగిలిన టేపంతా నా పద్యాలూ, ఎక్కాలూ, వీధి కుక్కల అరుపులూ. రేడియోగా దాని వాడకం తక్కువే. ఆకాశవాణి కడప కేంద్రం 1963 నుంచి మా ఊళ్ళోనే ఉంది, కాబట్టి ముల్లు ఎటు తిప్పినా కడపే పలికేది. పొద్దున ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, సాయంత్రం ప్రాంతీయ వార్తలు, మధ్యలో పాటలు. షార్ట్ వేవ్ మీట ఒకటుందని మాలో ఎవరికీ పట్టలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక ఆ మీటకు పని పడింది. ఫోన్లు లేవు, క్యాసెట్లు ఆగిపోయాయి. పక్కింటి సాయెబు మామకు ఉర్దూ వచ్చు, బీబీసీ ఉర్దూ వాళ్ళ సైర్‌బీన్ వార్తలు వినడం ఆయనకు అలవాటు. ఆయన సెట్టులో గరగర ఎక్కువ, మా దాంట్లో మాట తేటగా వచ్చేది. అందుకని రాత్రి కాగానే మా వరండాకు వచ్చేవాడు. ఏరియల్ కొసకు రాగితీగ చుట్టి, దాన్ని కిటికీ ఊచల మీదుగా మిద్దె మీదికి లాగాడు. చెవి జాలీకి ఆనించి వింటూ మధ్యమధ్య తల పైకెత్తి తెలుగులో చెప్పేవాడు. "గుజ్రాల్ సాబు బాగ్దాద్ పోయినాడంట. మనోళ్ళను వదుల్తారంట. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు తోల్తాండారంట." గుజ్రాల్ అప్పటి మన విదేశాంగ మంత్రి, అమ్మాన్ జోర్డాన్ రాజధాని. చుట్టూ కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు. ఎవరూ మధ్యలో అడ్డడగరు. నా స్కూలు అట్లాసు ఆ నెలంతా వరండాలోనే ఉంది.

అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా వాళ్ళు రెండు నెలల్లో 488 విమానాలు నడిపి లక్షకు పైగా జనాన్ని తెచ్చారని పెద్దయ్యాక చదివాను. అప్పుడు విమానాలు దిగిన సంగతి రేడియో చెప్పేది గానీ దాంట్లోంచి ఎవరు దిగారో చెప్పదు కదా. సెప్టెంబరులో ఒక పొద్దున నాయన మద్రాసు రైలు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక సంచి, గడ్డం, జేబులో ఎవరూ మార్చుకోనన్న కువైటీ దినార్లు. వాళ్ళ కువైటీ యజమానే బస్సు దాకా వచ్చి ఎక్కించాడట, దారికి కుబ్బూస్ రొట్టెల మూట, నీళ్ళ డబ్బాలు ఇచ్చి.

అంతటితో మా ఇంట్లో యుద్ధం అయిపోయిందనుకున్నాం. నిజం యుద్ధం అప్పటికి మొదలే కాలేదు.

1991 జనవరి 17. బాగ్దాద్ మీద బాంబులు పడేటప్పటికి అక్కడ అర్ధరాత్రి దాటింది, మాకు తెల్లవారుజాము. పొద్దున వార్తల్లో విన్నాం. సంక్రాంతి నిప్పట్లు ఇంకా డబ్బాలో ఉన్నాయి. సాయంత్రానికి మా వరండా మళ్ళీ నిండింది, కానీ ఆగస్టు నాటి ముఖాలు కావు. ఎవరి మనిషి వాళ్ళ ఇంటికి చేరుకున్నాడు కదా. చెనక్కాయలు వేయించి తెచ్చారు. కరెంటు పోయింది. అలాంటి రోజు కోసమే నాయన పాత సెల్లులన్నీ మిద్దె మీద ఎండబెట్టి ఉంచాడు. ఎండిన సెల్లు ఇంకో గంటైనా పలుకుతుందని ఆయన నమ్మకం, నిజంగానే పలికేది. ఆ సాయంత్రం ముల్లు తిప్పింది మామ కాదు, నాయన.

మామ చెప్తున్నాడు. "అమెరికా విమానాలు..." నాయన ఆగమన్నట్టు చెయ్యి చూపిస్తాడు, మళ్ళీ చెప్పమంటాడు. కువైట్‌లో ఫలానా చోట అనగానే "అది సముద్రం పక్కన, ఆడ ఇండ్లుండాయి" అంటాడు. ఎవరో నవ్వుతూ "నీకింక ఫికరేందప్పా, నువ్వు బయటపడితివి" అన్నారు. ఇంకొకరు "కాలిపోనీలే ఆ దేశం. ఎండల్లో మన వాళ్ళ రక్తం తాగింది" అన్నారు. నాయన వాళ్ళవైపు చూడలేదు, వాల్యూం పెంచాడు. కాసేపటికి నాతో మెల్లగా అన్నాడు, "ఆ ఇంట్లో పిల్లోళ్ళు ముగ్గురుండార్రా. నిత్యం బడికాడ నేనే దింపేది. యాడుండారో ఏమో." నా పలక మీది సుద్దముక్క తీసుకుని వరండా గచ్చు మీద గీయడం మొదలుపెట్టాడు. సముద్రం ఒక గీత. దాని పక్కన గల్ఫ్ రోడ్డు. మూడు గోపురాలు, రెండింటికి బంతుల్లాంటి గుండ్లు: కువైట్ టవర్స్. అక్కడినుంచి సాల్మియా, వాళ్ళ వీధి, బడి. చెనక్కాయలు తినేవాళ్ళు ఆ గీతల మీద పొట్టు పోస్తుంటే చేత్తో ఊడ్చేస్తున్నాడు.

లోపలి నుంచి అమ్మ గొంతు వినపడింది. "ఆ దేశం మాట ఇంకోతూరి ఈ ఇంట్లో ఎత్తొద్దు. లేసి సంగటి తినండి."

నాయన లేవలేదు. సాయెబు మామ ఒక్కడే ఆయన పక్కన చాలాసేపు కూర్చున్నాడు. వచ్చిన వాళ్ళంతా పోయాక కూడా ఆ ఇద్దరూ సెల్లులు నీరసించి గొంతు సాగేదాకా విన్నారు.

ఫిబ్రవరి 26న కువైట్ విడుదలైందని విన్నప్పుడు నాయన వీధిలో పిల్లలకు చక్కెర పంచాడు. చమురు బావులు ఆరు వందలకు పైగా తగలబడ్డాయి, ఆ మంటలు ఆరేసరికి నవంబరు వచ్చింది. 1992లో ఆయన మళ్ళీ అదే ఇంటికి పనికి పోయాడు. ఆ ముగ్గురు పిల్లలూ బతికే ఉన్నారని పోయాకే తెలిసింది. అమ్మ మాత్రం ఒక వారం ఆయనతో మాట్లాడలేదట.

మా పిల్లలకు ఈ కథ వేరే దారిలో చేరింది. ఫిబ్రవరి 25, 26 కువైట్‌లో జాతీయ దినం, విమోచన దినం. జెండాలు, కార్లకు రంగులు, గల్ఫ్ రోడ్డు మీద నీళ్ళ తుపాకులు. మేము ఏటా పోయేవాళ్ళం, తడిసి వచ్చేవాళ్ళం. ఒక ఏడు పెద్దోడికి స్కూల్లో 1990 దండయాత్ర మీద చార్టు చేయమన్నారు. తాతకు ఫోను చేసుకోమన్నాను. వాడు గంటసేపు మాట్లాడి వచ్చి, "అమ్మా, తాత అప్పుడు అక్కడే ఉన్నాడంట! మరి నువ్వెందుకు చెప్పలేదు?" అని అడిగాడు. మా ఇళ్ళల్లో గల్ఫ్ గురించి చెప్పేదంతా ఎంత పంపారు, ఎంత మిగిలింది, ఎప్పుడు వచ్చేస్తారు అన్నదే. అక్కడ మనిషి దేన్ని ఇష్టపడ్డాడో ఎవరూ అడగరు. నాయనను ఆ పిల్లోడు అడిగాడు.

ఇక జూన్. ఇజ్రాయెల్, ఇరాన్ గొడవ పదమూడో తేదీ నుంచి నడుస్తోంది. మేము ముందే కడప చేరుకున్నాం, మా ఆయన డ్యూటీలో అక్కడే ఉండిపోయాడు. "పిల్లల ముందు ఆ వార్తలు పెట్టొద్దు" అని రోజూ చెప్పేవాడు. నేను ఒప్పుకోలేదు. పిల్లలకు చెప్పకపోతే వినరని అనుకోవడం పెద్దవాళ్ళ భ్రమ. నా చిన్నప్పుడు నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు, తలుపు చాటున కూర్చుని మొత్తం విన్నాను. కాకపోతే టీవీ మాత్రం కట్టేయించాను. తెర నిండా మంటల బొమ్మలు పెట్టి అరిచే అరుపుల్లో వార్త ఎక్కడుందో వెతుక్కునే ఓపిక నాకు లేదు.

ఇరవై మూడో తేదీ రాత్రి పది దాటింది. అందరం వరండాలో ఉన్నాం, లోపల ఉక్క. పెద్దోడు ఫోనులో విమానాలు కనిపించే యాప్ చూస్తున్నాడు. "అమ్మా, గల్ఫ్ మీద ఫ్లైట్లన్నీ వెనక్కి తిరుగుతున్నాయి" అన్నాడు. చూస్తే నిజమే. పసుపుపచ్చ విమానాల బొమ్మలు తేనెటీగల్లా ఉండే చోట నీలం నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిందని, కువైట్ కూడా ఆకాశమార్గం మూసిందని నిమిషాల్లో తెలిసిపోయింది. మా ఆయనకు ఫోను చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. "ఏం లేదు, ఏసీ వేసుకుని పడుకుంటాండా, మీరూ పడుకోండి" అన్నాడు. 1990లో అమ్మకు నెల పట్టిన మాట నాకు నిమిషంలో దొరికింది. రేడియో రోజులే మేలని ఎవరైనా అంటే అమ్మ ముందు అనకండి, చీపురు తీస్తుంది.

వీధివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. మా వదిన పెద్దోడి తల నిమిరి, "మీరీడుండారు, మీ నాయన బాగుండాడు. ఇంకేంరా నీకు బయం?" అంది. ప్రేమగానే అంది. వాడు జవాబు చెప్పకుండా లేచి గేటు దగ్గరకు పోయాడు. వాడి స్నేహితుడు ఒక మలయాళీ అబ్బాయి, నిరుటిదాకా పక్క బెంచి, ఇప్పుడు దోహాలో ఉన్నాడు. వాడికి పెట్టిన మెసేజికి ఒక్క టిక్కే పడింది, రెండోది పడటం లేదు. ఇది నాకు చెప్పలేదు, చెల్లికి చెప్పాడు. చెల్లి అందరికీ చెప్పింది.

నాయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. మంచం మీంచే గట్టిగా పిలిచాడు, "షలోనక్ యా వలద్! ఇట్ల రా." ఎట్లుండావు అబ్బీ అని దాని అర్థం. వాడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నాయనది డ్రైవరు అరబిక్, వాడిది బడి అరబిక్, రెండింటికీ వ్యాకరణం కుదరదు. అయినా అరగంట మాట్లాడుకున్నారు. దోహాకు ఆ స్థావరం ఎంత దూరం అని నాయన అడిగాడు. వాడు మ్యాపు తెరిచి వేలితో కొలిచి, ముప్పై కిలోమీటర్లకు పైనే, ఎడారి వైపు అన్నాడు. వాళ్ళ ఇల్లు ఏ పక్క? సముద్రం పక్క. "అయితే మాకూ ముష్కిలా" అన్నాడు నాయన, అరబిక్‌లో ఏం ఇబ్బంది లేదని. ఆ వెంటనే తెలుగులోకి వచ్చి, "అయినా బయం బయమేలే. వాడు పలికేదాకా మేలుకుందాం" అన్నాడు. మిగిలిన వాళ్ళు పోయి పడుకున్నారు. పన్నెండు దాటాక ఆ అబ్బాయి నుంచి మెసేజి వచ్చింది. బాల్కనీలోంచి ఆకాశంలో వెలుగులు చూశాడట, వీడియో కూడా పెట్టాడు. ఇద్దరూ దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు.

మరునాటికి కాల్పుల విరమణ ప్రకటించారు, విమానాలు తిరిగాయి. మా ఇంట్లో మాత్రం ఇంకో చర్చ మొదలైంది. ఇదే అదనుగా పెద్దోణ్ణి ఇక్కడ హాస్టల్లో వేసేయమని మా వదిన, మామయ్య, ఇంకా పేరు గుర్తురాని చుట్టాలు. గల్ఫ్‌లో ఉన్న తెలుగు తల్లిదండ్రులందరికీ పదో తరగతి దగ్గర వచ్చే ముడి ఇదే, యుద్ధం రాకపోయినా వస్తుంది. వాళ్ళ మాటలో న్యాయం లేదనను. రేపు అక్కడ నిజంగా ఏదైనా జరిగితే మా పిల్లల్ని నిలబెట్టుకునే బాధ్యత ఆ దేశానికి లేదు. కానీ వాడు పన్నెండో తరగతి దాకా అక్కడే చదువుతానన్నాడు, మేం సరే అన్నాం. కడపలో కూర్చుని కువైట్‌ను వెనకేసుకొస్తాను, ఫహాహీల్‌లో కూర్చుని కడపను వెనకేసుకొస్తాను. ఇదొక ఉద్యోగం నాకు, జీతం లేదు.

ఆగస్టు చివర్లో మా ప్రయాణం. దానికి వారం ముందు అమ్మ నా దగ్గరికి వచ్చి తన ఫోను చేతికిచ్చింది. "ఆ పిల్లోడు చూస్తాడే, ఇమానాలు కనపడేది, అది నాకూ ఎక్కించు" అంది. ఎక్కించాను. రాత్రి భోజనాలప్పుడు చూస్తే కళ్ళద్దాలు పెట్టుకుని, బొటనవేలితో గల్ఫంతా జరుపుతోంది. "కువైట్ మింద పోతాండేది మన ఎయిరిండియానేనా?" అని పెద్దోణ్ణి అడిగింది. వాడు చూసి, కాదవ్వా, అది టర్కీ వాళ్ళది అన్నాడు. "ఆడ దిగుతాదా, దాటుకొని పోతాదా?" దిగుతుందన్నాడు. "దిగనీ అయితే" అని, అది దిగేదాకా అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది.