పరగడుపు షుగర్ బాగుందని ఆగిపోకండి

"పరగడుపున 98 వచ్చింది, నాకేం లేదు" అని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. కానీ మనవాళ్లలో ఎంతోమందికి తేడా మొదట బయటపడేది తిన్నాకే. పరగడుపున ఒంటికి కొద్దిపాటి ఇన్సులిన్ చాలు. అన్నం లోపలికి వెళ్లాక మాత్రం క్లోమం చురుగ్గా ఇన్సులిన్ వదలాలి, కండరాలు దాని మాట వినాలి. ఈ రెండూ మందగించిన కొన్నేళ్లకు గానీ పరగడుపు అంకె పెరగకపోవచ్చు.

అందుకే అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటినా, 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. రాత్రి నుంచి 8 గంటలకు తగ్గకుండా ఏమీ తినకుండా వెళ్లాలి. గ్లూకోజ్ నీళ్లు 5 నిమిషాల్లో తాగేసి, 2 గంటలు కదలకుండా కూర్చోవాలి. అప్పుడు తీసిన రక్తంలో షుగర్ 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 బార్డర్, 200 ఆపైన మధుమేహం. భయంతో మూడు రోజుల ముందే అన్నం మానేసి వెళ్తే, లేని షుగర్ ఉన్నట్టు కనబడొచ్చు. రోజూ తినేదే తిని వెళ్లండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి మంచి పరీక్షే గానీ, ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవారిలో అది ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్ల విషయంలో ఈ సంగతి డాక్టర్‌కి తప్పక గుర్తుచేయాలి.

ఇక కంచం. 100 గ్రాముల బియ్యం వండిన అన్నంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. అంటే ల్యాబ్‌లో తాగించే గ్లూకోజ్‌కి ఏమాత్రం తక్కువ కాదు. మారు వడ్డించుకుంటే ఒక్క పూటలోనే అంత తినేస్తాం. పూటకి బియ్యాన్ని 50 గ్రాములకు దించండి. ఆ ఖాళీని కూరతో, గట్టిపప్పుతో, గుడ్డుతో నింపండి. ముందు ఒక కప్పు బీరకాయ కూరో గోరుచిక్కుడో వట్టిగా తినేసి, తర్వాత పప్పు, చివర్న అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగరదు. అన్నం మానేసి రాగిజావ తాగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. మెత్తటి పిండిని పల్చగా కాస్తే అది త్వరగానే చక్కెరగా మారుతుంది.

చెయ్యి కడుక్కున్నాక 15 నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటుంది. రాత్రి భోజనం తర్వాత ఈ నడక మరీ అవసరం, ఎందుకంటే ఆ పూటే తిని పడుకుంటాం. బార్డర్‌లో ఉన్నవారిపై మన దేశంలోనే జరిగి, 2006లో వెలువడిన అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్నవారిలో మూడేళ్లలో మధుమేహం ముప్పు 28 శాతం తగ్గింది. బార్డర్ అని తేలితే ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ ఉండండి.